వంట మొగిలికి వచ్చిన పరదేశపు కల

పొద్దున పొయ్యి అంటించే ముందు మొగిలి మూడు వేళ్లతో నాలుగు బియ్యపు గింజలు తీసి పొయ్యి పక్కన పెట్టేవాడు. ఆ తర్వాత ఆ పూట తన చేతి అన్నం తినబోయేవాళ్ల పేర్లు ఒక్కొక్కటిగా మెల్లగా పలికేవాడు. ఇంట్లో ఉన్న రోజు అది చిన్న పని. భార్య సమ్మమ్మ పేరు, కూతురు ప్రియాంక పేరు చెబితే అయిపోయేది. పెళ్లి వంటకు పోతే పెళ్లికొడుకు పేరు, పెళ్లికూతురు పేరు చెప్పి, "ఇగ మిగిలినోళ్లందరు" అని ముగించేవాడు. యాత్ర బస్సులో మాత్రం అట్లా కుదరదు. నలభై మంది ఉంటే నలభై పేర్లూ చెప్పవలసిందే. బయలుదేరిన రెండో రోజుకల్లా అవన్నీ అతని నోటికి వచ్చేవి. చివర "అందరు సల్లగుండాలె, ఎవ్వరికి కడుపునొప్పి రావద్దు" అని దండం పెట్టుకొని అప్పుడు అగ్గిపుల్ల గీసేవాడు.

మొగిలిది ధర్మసాగర్. అరవై ఏళ్లకు ఒక ఏడు తక్కువ. ఇరవై రెండు సార్లు యాత్ర బస్సుల్లో వంటమనిషిగా పోయి వచ్చాడు. కాశీ, గయ, ప్రయాగ, పూరి, రామేశ్వరం అన్నీ అతనికి గిన్నెలు, గంజులు కడిగే నల్లా ఎక్కడుందో, కూరగాయలు ఎక్కడ దొరుకుతాయో, ఆ గుర్తులతోనే తెలుసు. గుడి లోపలికి పోయింది తక్కువ. అందరూ దర్శనానికి పోయినప్పుడు అతను ఉల్లిగడ్డలు కోస్తూ ఉండేవాడు. "నీకు పుణ్యం ఎట్ల వస్తది మొగిలన్నా?" అని ఎవరైనా అడిగితే, "మీరు తెచ్చుకొని రాండ్రి, అందులకెల్లి జర నాకు పెట్టుండ్రి" అనేవాడు.

బస్సులో డ్రైవర్ సీటు పక్కన భద్రకాళి అమ్మవారి పటం ఉండేది. వండిన ప్రతి వంటా మొదట ఆ పటం ముందు ఆకులో పెట్టి, కర్పూరం వెలిగించి, ఆ తర్వాతే వడ్డించేవారు. అమ్మవారికి పెట్టేదాకా ఒక్క మెతుకు నోట్లో వేసుకోరాదు. పప్పుచారులో వేలు ముంచి నాలుకకు రాసుకోవడం కూడా తప్పే. కాబట్టి మొగిలి ఏ వంటా రుచి చూసేవాడు కాదు. మరిగే చప్పుడు విని, రంగు చూసి, ఉప్పు గుప్పిట్లో తూచి వేసేవాడు. ఎన్నడూ తప్పలేదు. పళ్లు లేని ముసలివాళ్ల కోసం ఒక చిన్న గంజులో అన్నం వేరేగా మెత్తగా వండేవాడు. అందుకే యాత్ర మాట వినగానే ముసలమ్మలు బస్సు సంగతి అడగరు, సీటు సంగతి అడగరు. "మొగిలి వస్తుండా?" అని అడుగుతారు.

ఈమధ్య మొగిలికి ఒక భయం పట్టుకుంది. ఆ సంగతి ఎవ్వరికీ చెప్పలేదు.

వానాకాలంలో కాశిబుగ్గలో ఒక నేతపని వాళ్ల ఇంట్లో పుట్టిన బిడ్డకు చేసే ఇరవయ్యొక్క దినాల పండుగ వంటకు బయలుదేరి, నడుమ కాజీపేటలోనే బస్సు దిగాడు. దిగి, ఎందుకు దిగాడో తెలియక పది నిమిషాలు నిలబడ్డాడు. ఆరోజు పులిహోరలో ఉప్పు రెండుసార్లు పడింది. ఇంటివాళ్లు మంచివాళ్లు, అన్నం మళ్లీ వండించి కలిపారు. "మనిషన్నంక అయితది తియ్ అన్నా" అన్నారు. మొగిలి కూడా నవ్వాడు. కాని ఇంటికి వచ్చేదాకా అతని చేతులు చల్లగానే ఉన్నాయి. ఎందుకంటే అతని అన్న కట్టయ్యకు కూడా ఇట్లాగే మొదలైంది. మొదట తువ్వాల మర్చిపోయాడు, తర్వాత పొలం తొవ్వ మర్చిపోయాడు. ఏడేళ్ల కింద ఒక పొద్దున చెరువు కట్ట మీదికని పోయి మూడు రోజులకు కాజీపేట స్టేషన్లో దొరికాడు. ఎవరో చాయ్ కొట్టు ఆయన ఆ మూడు రోజులూ చాయ్, బన్ను పెట్టి తన బల్ల మీదే పడుకోబెట్టుకున్నాడట. పేరు అడిగితే నవ్వేవాడట, ఊరు అడిగినా నవ్వేవాడట. మరో ఏడాది బతికాడు. చివరికి తమ్ముడిని చూసి కూడా నవ్వేవాడు.

మాఘమాసంలో ఒకనాడు, యాత్రలు నడిపే రాంప్రసాద్ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"మొగిలన్నా, ఈసారి కాశీతోని ఆగుతలేం. నేపాల్ పోతున్నం. పశుపతినాథుని దర్శనం. ఆధార్ నడువదు, ఓటరు కార్డు తీసి పెట్టుకో."

"నేపాలంటే వేరే దేశం గదా ప్రసాదూ?"

"వేరే దేశమే. అయితేంది, తొవ్వ మన తొవ్వలెక్కనే ఉంటది. నువ్వు రాకుంటే నలభై మందిల పదిహేను మంది ఇప్పుడే పేరు తీసేస్తరు. ఐలవ్వయితే మొదటిదే. 'మొగిలి మెత్తటన్నం లేకుంటే నేను ఏం తిని బతకాలె' అంటాంది."

మొగిలి కాదనలేకపోయాడు. తల ఊపాడు. ఆ మరునాడే తెల్లవారుజామున ఆ కల వచ్చింది.

కలలో అతను ఏదో ఊరి నడిబజారులో నిలబడి ఉన్నాడు. నేలంతా తెల్లగా ఉంది. మంచు అతను ఎన్నడూ చూడలేదు కాబట్టి కల అతనికి తెలిసిన తెలుపునే తెచ్చి పోసింది. ఎనుమాముల మార్కెట్లో పత్తి రాసులు కూలి బజారంతా పరుచుకున్నట్టు ఉంది. కాలు పెడితే మోకాలి దాకా దిగబడుతోంది. ఐసు ఫ్యాక్టరీలోకి వట్టి కాళ్లతో పోయినట్టు చలి. అతని చేతిలో గంటె ఉంది, గంజు లేదు. రెండు వైపులా ఇళ్ల తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఆడవాళ్లు, ముసలివాళ్లు బయటికి వచ్చి ఏదో అడుగుతున్నారు. కోపంగా కాదు, చాలా మర్యాదగా అడుగుతున్నారు. మాట ఒక్కటీ తెలియడం లేదు. అయినా వాళ్లు అడిగేది నీది ఏ ఊరు అనే అని అతనికి తెలుసు. చెబుదామని నోరు తెరిచాడు. ఊరి చెరువు కళ్లముందు కనిపిస్తోంది, కట్ట కనిపిస్తోంది, తూము మీద కూర్చున్న కొంగ కూడా కనిపిస్తోంది. ఊరి పేరు మాత్రం రావడం లేదు.

అప్పుడు ఖాకీ బట్టల మనిషి ఒకడు చెయ్యి చాపాడు. మొగిలి జేబులోంచి ఓటరు కార్డు తీసి ఇచ్చాడు. దాని మీద అతని ఫొటో ఉంది. పేరు ఉండవలసిన చోట కడిగిన పలకలాగా నున్నగా ఉంది. ఆ మనిషి కార్డు తిప్పి చూసి, బాధగా తల ఊపి, పోయి పక్కన నిలబడమన్నట్టు చెయ్యి చూపించాడు. అక్కడ ఇంకా చాలామంది నిలబడి ఉన్నారు. అందరి చేతుల్లోనూ అట్లాంటి కార్డులే.

ఇంతలో యాత్ర బస్సు చప్పుడు లేకుండా వచ్చింది. కిటికీల్లో నలభై మందీ ఉన్నారు. వెనక తలుపు తెరిచి ఉంది. లోపల ఎవరో పొయ్యి దగ్గర వంగి వంట చేస్తున్నాడు. ఆ వీపు చూసి మొగిలి పోల్చుకున్నాడు. అది తన వీపే, తన బనియనే. "నేను ఈడున్న! ఆగుండ్రి!" అని అరిచాడు. వంట చేసే మనిషి మెల్లగా ఇటు తిరిగాడు. మొఖం అన్న కట్టయ్యది. అదే నవ్వు. తమ్ముడిని చూసి నవ్వుతూనే ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి గంజులో వేశాడు. మళ్లీ గుప్పెడు వేశాడు. మళ్లీ వేశాడు. బస్సు కదిలింది. మొగిలి పరుగెత్తబోతే కాళ్లు ఆ తెల్లటి దాంట్లోంచి రాలేదు.

"ఏందయ్యా, ఏమైంది? గట్ల మూలుగుతున్నవేంది?" సమ్మమ్మ భుజం పట్టి ఊపుతోంది.

అతను లేచి కూర్చున్నాడు. బనియన్ తడిసిపోయింది. కిటికీలో అప్పుడే వెలుగు వస్తోంది.

"మన ఊరు పేరేంది?" అన్నాడు.

"ఏంది?"

"ఏం లేదు. కల వచ్చింది."

సమ్మమ్మ నీళ్లు తెచ్చి ఇచ్చింది. తెల్లవారుజాము కల నిజమవుతుందని ఆమెకు చిన్నప్పటి నుంచి నమ్మకం. అందుకని కల ఏమిటని అడగడానికే ఆమెకు భయమేసింది.

"మంచిదా, చెడ్డదా? అంతే చెప్పు."

"బస్సు నన్ను ఇడిసిపెట్టి పోయింది."

"అయితే పోకు. రాంప్రసాద్‌కు నేను చెప్త. కాళ్లు నొస్తున్నయట అంట."

"ఐలవ్వ పోదు మరి. ఆమెకు ఎనభై దగ్గరికొచ్చె. మల్ల ఎప్పుడు పోతది?"

అన్న మొఖం కనిపించిందని గాని, ఉప్పు సంగతి గాని ఆమెకు చెప్పలేదు. సమ్మమ్మ అమ్మవారి కుంకుమ పొట్లం కట్టి అతని అంగీ లోపలి జేబులో పెట్టి సూదితో కుట్టింది.

బస్సు మంచి రోజు చూసుకొని బయలుదేరింది. మొగిలికి వంటలో సాయంగా వినోద వచ్చింది. ఆమెది నర్సంపేట దగ్గరి పల్లె. భర్త పోయాక మిర్చి చేళ్లల్లో కూలికి పోతూ, యాత్రలప్పుడు ఇట్లా వచ్చేది. మొగిలిని అన్నా అని పిలిచేది. నోరు ఎప్పుడూ ఊరుకోదు.

"అన్నా, నేపాల్‌ల చాయ్‌ల ఉప్పేస్తరట నిజమేనా?"

"ఎవలన్నరు?"

"వెంకట్రాజం సారు అన్నడు. ఆయనకు అన్నీ ఎరుకనే. ఎరుక లేనిది ఒక్కటే, నోరు మూసుకునుడు."

వెంకట్రాజం విశ్రాంత హెడ్ కానిస్టేబుల్. బస్సు ఆగినా, కదిలినా, దుప్పటి పలుచనైనా, నీళ్లు చల్లనైనా ఆయన ఏదో ఒకటి అనకుండా ఉండడు. "ఇదేం బస్సు రాంప్రసాదూ, ఎడ్లబండే నయం" అనడం రోజూ ఉండేదే. వంట విషయంలో మాత్రం ఎన్నడూ వంక పెట్టలేదు.

ప్రయాగ, కాశీ, అయోధ్య అయిపోయాయి. రోజు రోజుకూ మొగిలిలో మాట తగ్గింది. కల మళ్లీ రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ తెల్లవారుజామునే. పొద్దున పేర్లు చెప్పుకునేటప్పుడు ఒకరోజు ముప్పై తొమ్మిదే వచ్చాయి. మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. ముప్పై తొమ్మిదే. తప్పిపోయిన పేరు ఎవరిదో తెలియక, పొయ్యి అంటించకుండా అక్కడే కూర్చున్నాడు. వినోద వచ్చి, "ఏందన్నా, అగ్గిపెట్టె దొరుకుతలేదా?" అంటూ తానే అంటించింది. అందరికీ చాయ్ పోస్తున్నప్పుడు ఐలవ్వ చెయ్యి చాపితే అప్పుడు తెలిసింది, ఆమె పేరే మర్చిపోయాడని.

సరిహద్దు ఊరికి చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. బస్సు కాగితాల కోసం రాంప్రసాద్ పోయాడు. రెండు గంటలు ఆగవలసి వచ్చింది. అందరూ దిగి అరటిపండ్లు కొనుక్కున్నారు, రోడ్డుకు అడ్డంగా ఉన్న పెద్ద కమాను కింద ఫొటోలు దిగారు. మొగిలి దిగలేదు. వెనక సీటులో కమ్మీ పట్టుకొని కూర్చున్నాడు.

"మొగిలికి బస్సే అత్తగారిల్లు అయినట్టుంది. దిగబుద్ధి అయితలేదు" అన్నాడు వెంకట్రాజం కిటికీ దగ్గరికి వచ్చి. తర్వాత రెండు అరటిపండ్లు లోపలికి అందించాడు. "తిను. మొఖం గట్ల పీక్కపోయిందేంది?"

కమాను దాటి గంటన్నర పోయాక రోడ్డు పక్కన రేకుల షెడ్డు, దూరంగా బోరింగు కనిపిస్తే వంటకు ఆపారు. అప్పటికే అక్కడ ఇంకో రెండు యాత్ర బస్సులు ఆగి ఉన్నాయి. వినోద కూరగాయలు పరుచుకుంది. నీళ్లకు ఎప్పుడూ మొగిలే పోతాడు. ఈసారి పోకపోతే ఎందుకని అడుగుతారు. రెండు బకెట్లు పట్టుకొని, వెనక్కి వెనక్కి చూసుకుంటూ పోయాడు.

బోరింగు దగ్గర ఒక ఆమె గిన్నెలు తోముతోంది. పక్కనే చిన్న చాయ్ దుకాణం. ఆమె జరిగి చోటిచ్చింది, బోరింగు తానే కొట్టింది. మొగిలి దండం పెట్టి, బకెట్లు ఎత్తి వెనక్కి తిరిగాడు.

మూడు బస్సులూ వీపులు ఇటు పెట్టి నిలబడి ఉన్నాయి. మూడూ తెల్లనివే, మూడింటి మీదా సామాన్లు కట్టి తాడిపత్రి పట్టా కప్పి ఉంది. తమ బస్సు ఏది? మధ్యదా? చివరిదా? తమ బస్సుకు నిచ్చెన కుడివైపా, ఎడమవైపా? చూస్తున్నకొద్దీ మూడూ ఒక్కతీరుగా అయిపోయాయి. ఎవరినైనా అడగాలి. ఏమని అడగాలి? యాత్ర నడిపే మనిషి పేరు గుర్తుకు తెచ్చుకోబోయాడు, రాలేదు. ఎండగానే ఉంది, కాళ్లకు మాత్రం కలలోని చలి తగిలింది. కాలు ఎత్తి చూసుకున్నాడు, మట్టే ఉంది. బకెట్లు కింద పెట్టి, పరాయి దేశపు రోడ్డు మీద, ఉన్న చోటనే నిలబడిపోయాడు.

గిన్నెలు తోముతున్న ఆమె చూసింది. ఏదో అడిగింది. అతను నోరు తెరిచి మూశాడు. ఆమె చీర కొంగుకు చేతులు తుడుచుకొని వచ్చి, ఒక బకెట్ తాను ఎత్తి, రెండోది అతన్ని ఎత్తమన్నట్టు చూపించి ముందు నడిచింది. మొదటి బస్సు దగ్గర ఆగి అతని మొఖం చూసింది. బస్సులో మనుషులు మామూలుగా చూశారు. ఆమె తల ఊపి రెండో బస్సుకు పోయింది. మళ్లీ ఆగి అతని మొఖం చూసింది. మూడో బస్సు పక్కకు రాగానే, "అన్నా, నీళ్లకు పోయినవా, గంగానదికి పోయినవా?" అని వినోద గొంతు వినిపించింది. ఆ మాట వినగానే, తోవ చూపిన ఆమె నవ్వి, బకెట్ అక్కడ పెట్టి, వెనక్కి పోయింది. మొగిలి ఆమెకు కృతజ్ఞత చెప్పాలని కూడా మర్చిపోయాడు. దేవుడు ఒక్కోసారి గుడిలో కాకుండా బోరింగు దగ్గర కనిపిస్తాడని తర్వాత వినోదతో చెప్పుకొని చాలాసేపు బాధపడ్డాడట.

వంటకు కూర్చున్నాడు. పప్పుచారు మరుగుతోంది. ఉప్పు వేశాడా? వేసినట్టే ఉంది. లేదు, వేద్దామని డబ్బా మూత తీశాడు, ఇంతలో వినోద కరివేపాకు అడిగింది. డబ్బా మూత తీసే ఉంది. అయితే వేయలేదు. నాలుక మీద ఒక్క చుక్క వేసుకుంటే తెలిసిపోతుంది. అమ్మవారికి పెట్టనిది నోట్లో పెట్టుకోవడం అతని వల్ల కాలేదు. ఇరవై రెండు యాత్రల్లో చేయని పని ఈరోజు చేస్తే, ఆ కల నిజమే అవుతుందనిపించింది. గుప్పెడు తీసి వేశాడు.

అమ్మవారికి పెట్టారు, కర్పూరం వెలిగించారు. అందరూ షెడ్డు కింద వరుసగా కూర్చున్నారు. మొగిలి అన్నం వడ్డిస్తూ ప్రతి మొఖమూ చూశాడు. ఎవ్వరూ ఏమీ అనలేదు. వెంకట్రాజం కూడా తల వంచుకొని తిన్నాడు. ఐలవ్వ మెత్తటి అన్నంలో పప్పుచారు కలుపుకొని ఆకు నాకినట్టు తిని, "సల్లగుండు బిడ్డా" అంది. మొగిలి గుండె కుదుటపడింది.

అందరి తర్వాత అతను కూర్చొని మొదటి ముద్ద పెట్టుకున్నాడు. మింగలేకపోయాడు. చారు కాదు అది, ఉప్పునీళ్లు.

లేచి ఎంగిలి చేతితోనే వెంకట్రాజం దగ్గరికి పోయాడు. ఆయన బీడీ వెలిగించుకుంటున్నాడు.

"సార్, ఉప్పుగున్నదని ఎందుకు చెప్పలే?"

"ఉప్పా? ఎక్కడుంది?"

"సార్."

వెంకట్రాజం బీడీ ఆర్పేశాడు. "అమ్మవారికి పెట్టినంక అది ప్రసాదమైతది మొగిలీ. ప్రసాదానికి వంక పెడ్తమా? నేను అన్నిటికి వంక పెట్టేటోన్నే, దీనికి పెట్టను. ఎవ్వరం ఏం అనద్దని కాశీలనే అనుకున్నం."

"కాశీల అనుకున్నరా?"

ఆయన నాలుక కరుచుకున్నాడు. అప్పటికే మాట దాటిపోయింది.

"కాశీల ఏమైంది సార్?"

"ఆనాడు అసలు ఉప్పే లేకుండె. మేం మా సంచిలకెల్లి తీసి కలుపుకున్నం. అయోధ్యల ఇయ్యాల్టి లెక్కనే రెండు పాళ్లు పడ్డది. నువ్వు పొద్దంత కష్టపడ్తవ్. ముసలోళ్లందరు ఒక్క మాట మీదున్నరు, మొగిలి మనసు నొప్పియ్యద్దని. మనసు నొప్పిస్తే ఏమొస్తది చెప్పు?"

మొగిలి అక్కడే కూలబడ్డాడు. కాశీలో ఆ రోజు అతను ఒక్కపొద్దు ఉన్నాడు, ఉప్పు మర్చిపోయినట్టు అతనికి తెలియదు. అయోధ్యలో అతను తిననే లేదు, జ్వరంగా ఉందని పడుకున్నాడు. నలభై మందికి తెలిసిన సంగతి అతనొక్కడికే తెలియదు. వాళ్లంతా బస్సు కిటికీల వెనక కూర్చొని చూస్తున్నట్టు, తానొక్కడే బయట నిలబడి ఉన్నట్టు తోచింది. కలలో ఉన్నది ఇదేనా అనిపించింది.

అప్పుడే అవతల ఐలవ్వ లేవబోయి లేవలేక కూర్చుంది. వినోద పోయి పట్టుకుంది. "అవ్వా, నీ కాళ్లేంది గిట్ల వాచినయ్?" అని కేక వేసింది. మొగిలి పరుగెత్తాడు. ఐలవ్వ చీర కుచ్చెళ్లు కిందికి లాక్కొని పాదాలు కప్పుకోబోయింది. మొగిలి ఆమె కాళ్ల ముందు కూర్చొని చీర అంచు జరిపి చూశాడు. రెండు పాదాలూ నిగనిగలాడుతున్నాయి. వేలితో నొక్కితే గుంట పడి అట్లాగే ఉంది.

"అయోధ్య సంది గిట్లనే ఉన్నయ్, బస్సుల కూసుంటె వాస్తయ్ తియ్" అంది ఐలవ్వ.

"అవ్వా, నీకు బీపీ ఉన్నది. నా ఉప్పుకే వాచినయ్. అంత ఉప్పుంటే ఎందుకు తిన్నవే?"

"నా ఒక్కదాని కోసమని నువ్వు రోజు వేరే గంజుల మెత్తగ వండుతవ్. నేనెట్ల ఇడిసిపెడ్త బిడ్డా?"

రాంప్రసాద్ జీపు మాట్లాడి ఆమెను దగ్గరి ఊళ్లో దవాఖానకు తీసుకుపోయాడు. మొగిలి వెంట పోయాడు. డాక్టర్ సూది ఇచ్చి, గోళీలు రాసి, రెండు రోజులు ఉప్పు ముట్టవద్దని చెప్పాడు. ఇంకో రెండు పూటలు ఇట్లాగే తింటే ఊపిరి అందక పోయేదని ఆయన అన్న మాటను రాంప్రసాద్ మెల్లగా తెలుగులో చెప్పాడు. చెప్పకపోతే బాగుండునని తర్వాత అనుకున్నాడట, మొగిలి మొఖం చూసి.

మరునాడు పొద్దున ఒక ధర్మశాల పెరట్లో వంటకు దిగారు. దూరాన మంచు కొండలు నిజంగానే కనిపిస్తున్నాయి. వాటికేసి మొగిలి ఒకసారి చూసి వీపు తిప్పుకున్నాడు. వినోద పొయ్యి దగ్గరికి వచ్చేసరికి అతను ఉప్పు డబ్బా ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. పక్కన రాంప్రసాద్ ఉన్నాడు, అప్పటికే అన్నీ విన్నట్టున్నాడు.

"వినోదా, నేను యాది మరుస్తున్న" అన్నాడు మొగిలి. "ఒక్కనాటిది కాదు. వానాకాలం సంది."

వినోద వచ్చి అతని ముందు కూర్చుంది. అతను కల సంగతి చెప్పాడు, కట్టయ్య మొఖం సంగతి చెప్పాడు, బోరింగు దగ్గర నిలబడిపోయిన సంగతి చెప్పాడు. ఎవ్వరికీ చెప్పనివన్నీ ఒక్క ఊపులో చెప్పాడు.

"వదినెకు ఎరుకనా?" అంది వినోద చివరికి.

"పొద్దున్నే ఫోన్ చేసి చెప్పిన. ఏడ్చింది. ఇంటికి రాంగనే ఎంజీఎం దవాఖానకు తీస్కపోత అన్నది."

"మరి ఇంక పదకొండు దినాలున్నది యాత్ర. వంట ఎట్లన్నా?"

రాంప్రసాద్ కల్పించుకున్నాడు. "వంట అన్ననే చేస్తడు. నేనేం వేరేటోన్ని తెస్తలేను. ఫికర్ చెయ్యకుండ్రి."

మొగిలి డబ్బా ఎత్తి వినోద చేతిలో పెట్టాడు. "ఉప్పు ఇగ నీ చెయ్యితోని వెయ్యి. ఎంతెయ్యాల్నో నేను చెప్త. వేసినంక డబ్బా నీ దగ్గర్నే ఉంచుకో, నేనడిగినా ఇయ్యకు."

వినోద కళ్లు కొంగుతో తుడుచుకుంది. "గంతేనా? నేనేమో నన్ను గంజులు కూడ తోమమంటవనుకున్న" అని నవ్వబోయింది.

అతను నవ్వలేదు. "ఇంకొకటి అడుగుత, చేస్తవా చెల్లె?"

"అడుగన్నా."

"నేను ఏదన్న మర్చిపోయినప్పుడు నవ్వి ఊకోకు. నా మనసు నొస్తదని దాచకు. ఎవరున్నా సరే, ఎంతమంది ముందటనన్న సరే, 'మొగిలన్నా, ఇది నువ్వు మర్చిపోయినవ్' అని నా మొఖం మీదనే చెప్పు."